నా తర్వాత ఆయన్ని అడగకుండా కదిలించవద్దు

వీలునామా

చెన్నూరు మెథడిస్టు సంఘంలో ఉపదేశకుడిగా పనిచేసి కాలం చేసిన దుర్గం మోషే గారి కూతురిని, సిరిసిల్ల వాస్తవ్యులు కొక్కుల వెంకటి గారి భార్యను, రిబ్కమ్మ అనే నేను, వయసు అరవై తొమ్మిది, ప్రభుత్వ నర్సుగా ముప్పై ఏడేళ్లు చేసి పదవీ విరమణ పొందినదాన్ని, ప్రస్తుతం కరీంనగర్ శివారులోని మానేరు విశ్రాంతి నిలయం రెండో బ్లాకు తొమ్మిదో నంబరు ఇంట్లో ఉంటూ ఈ వీలునామా రాయిస్తున్నాను.

నా మతి సరిగా ఉన్నదని ఇక్కడ రాయాలట, ఈ ఒక్క పేరా సంతకం రోజునే రాయిస్తున్నాను. ఈ ఉదయం ఏడు గంటలకు నా రక్తపోటు, నాడి నేనే చూసుకున్నాను. వయసుకు తగినట్టే ఉన్నాయి. ఈ రోజు బుధవారమని, నిన్నటి బీరకాయ కూరలో ఉప్పు తక్కువైందని, గుండె కవాటం మార్చడానికి వచ్చే సోమవారం హైదరాబాదులో నాకు ఆపరేషన్ చేస్తారని నాకు తెలుసు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బలవంతపెడితే వినే స్వభావం నాది కాదని మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఇంతకు ముందు నేను వీలునామా రాయలేదు.

నేను చెబుతుంటే నా కూతురు మమతారాణి టైపు చేసింది. వకీలు గారు చదివి, ఇందులో సగం మాటలు వీలునామాకు అవసరం లేదన్నారు. ఆస్తికి అవసరం లేకపోవచ్చు, పిల్లలకు అవసరమని చెప్పి ఉంచమన్నాను.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మంచిర్యాలలో ఉపాధ్యాయురాలిగా ఉన్న నా కూతురు మమతారాణిది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. చెప్పని పని కూడా చేస్తుంది. ఆ లోపం ఉన్నా ఆమెనే నియమిస్తున్నాను.

2. నా భర్త వెంకటి గారి వయసు డెబ్బై మూడు. పేరు రాయడం చట్టం కోసం. నలభై ఆరేళ్ల కాపురంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచింది ఒక్కసారే. అది ఆయనకు వినపడలేదు. ఆ సంగతి తర్వాతి అంశంలో ఉంది.

ఆయన పద్మశాలి కుటుంబంలో పుట్టి నలభై ఏళ్లు సాంచాల మీద పనిచేశారు. మరమగ్గాలను మా దిక్కున సాంచాలంటారు. 1978లో ఒక సాంచ నుంచి, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరొచ్చి ఆయన కనుబొమ్మను చీల్చింది. సిరిసిల్ల సర్కారు దవాఖానాలో ఆ రోజు డ్యూటీ నాది. నాలుగు కుట్లు వేశాను. కుట్లు విప్పే రోజున రమ్మంటే, అంతకు ముందే మూడుసార్లు వచ్చారు. మూడోసారి, "సిస్టరమ్మా, గీ కుట్లు జర గట్టిగున్నయో లేదో సూడుండ్రి" అన్నారు. కుట్లు గట్టిగానే ఉన్నాయి. మరుసటి ఏడాది రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. ఆయన గుడి మానలేదు, నేను చర్చి మానలేదు.

1986లో నన్ను ఆదిలాబాదు జిల్లా ఉట్నూరుకు బదిలీ చేశారు. పదకొండేళ్లు అక్కడే ఉంచారు. కూతురు చిన్నది కాబట్టి నా దగ్గర, కొడుకు ప్రేమ్‌చంద్ బడి కోసం తండ్రి దగ్గర పెరిగారు. నెలకు రెండు రోజులు కలుసుకునేవాళ్లం. బస్సు దిగి సామాను సర్దేసరికి మళ్లీ బస్సు వేళయ్యేది. అందువల్ల నా కొడుక్కు తండ్రి ఎక్కువ తెలుసు, నేను తక్కువ తెలుసు. ఇది ఫిర్యాదు కాదు.

సాంచాలు నడిచే చోట పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని కార్ఖానా మనుషులు గొంతు వాడకుండా పెదవులతో, వేళ్లతో మాట్లాడుకుంటారు. నా కొడుకు అది చిన్నప్పుడే తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. నేను నేర్చుకోలేదు. ఇంట్లో నాకు గొంతు సరిపోయేది. ఆయనకు యాభై దాటేసరికి కుడి చెవి పోయింది, అరవై దాటేసరికి రెండోది కూడా పోయింది. మిషను కొనిస్తే వారం పెట్టుకొని, "గిన్నెల సప్పుడే ఇనవడుతది, మనిషి మాట ఇనవడుతలేదు" అని పెట్టెలో పెట్టేశారు.

3. మేం సొంత ఇల్లు వదిలి ఇక్కడికి ఎందుకు వచ్చామో నా పిల్లలకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఇప్పుడు నా భర్త అనుమతితో రాస్తున్నాను.

2024 జూలైలో ఒక ఉదయం సిరిసిల్ల ఇంట్లో స్నానాల గదిలో జారి పడ్డాను. ఎముక విరగలేదు గాని లేవలేకపోయాను. ఆయన ముందు గదిలో పేపరు చదువుతున్నారు. మధ్యలో రెండు గోడలు. గంటన్నర పిలిచాను. మొదట "ఇగో, ఇంటున్నవా" అని, తర్వాత "ప్రేమ్ బాపూ" అని, చివరికి వెంకటీ అని పేరు పెట్టి అరిచాను. చెంబుతో గోడ కొట్టాను. చాయ్ ఇంకా రాలేదేమిటని ఆయన లేచి వచ్చినప్పుడు నన్ను చూశారు.

నన్ను లేపి మంచం మీద కూర్చోబెట్టి, తాను మళ్లీ వెళ్లి ఆ తడి నేల మీద కూర్చున్నారు. "నువ్వు సచ్చిపోయినా నాకు ఎర్కయ్యేది గాదు" అన్నారు. అక్కడే కూర్చొని ఇంకో మాట అన్నారు: "పిల్లలకు చెప్పకు. గీ చెవిటోనితోని అవ్వ ఎట్లుంటదని నిన్ను బిడ్డ తీస్కపోతది, నన్ను కొడుకు తీస్కపోతడు. మల్ల చెరో ఊరు అయితది."

చెప్పనని మాట ఇచ్చాను. మంచిర్యాలలో కూతురింట్లో ఒక గది, జగిత్యాలలో కొడుకింట్లో ఒక గది. ఎవరింట్లోనూ ఇద్దరికి చోటు లేదు. వాళ్లది తప్పు కాదు, ఇళ్లు అంతే. రెండు నెలలు విచారించి ఈ నిలయం చూసుకున్నాం. ఊళ్లో వాళ్లు దీన్ని ఆశ్రమం అంటారు. ఆశ్రమం కాదు. నా పింఛనుతో కిరాయి కట్టి మేం ఉంటున్న ఇల్లు. ఇక్కడ స్నానాల గదిలో తాడు లాగితే గంట మోగుతుంది, ముందు గదిలో ఎర్ర లైటు కూడా వెలుగుతుంది. ఆ లైటు చూసి ఆయన ఈ ఇంటికి ఒప్పుకున్నారు.

నర్సుగా నేను చూసిన సంగతి ఒకటి రాస్తున్నాను. ముసలి దంపతుల్లో ఒకరు మంచాన పడేదాకా ఆగి ఇల్లు మారినవాళ్లు తమంతట తాము మారలేదు, వాళ్లను మార్చారు. మేం ఇద్దరం నడిచే రోజుల్లోనే నడిచి వచ్చాం.

4. సిరిసిల్లలో నా పేరిట ఉన్న పెంకుటిల్లు, వెనక పెరడు, చేదబావితో సహా, నా తర్వాత సర్వహక్కులతో నా కొడుకు కొక్కుల ప్రేమ్‌చంద్‌కు చెందాలి. షరతులేమీ లేవు.

ప్రేమ్‌చంద్ జగిత్యాలలో మోటార్ వైండింగ్ దుకాణం నడుపుతాడు. మేం సామాను కట్టే రోజున వచ్చాడు. "అవ్వా, నేను సచ్చిన్ననుకున్నవా? కొడుకు ఎల్లగొట్టిండు, తీస్కపోయి ఆశ్రమంల వడేసిండు అని అంటరు. నేను నలుగుట్ల తిరుగాల్నా వద్దా? అసలు ఏమైందో చెప్పు" అని అడిగాడు. ఏమైందో చెప్పలేను, మాట ఇచ్చాను. కారణం చెప్పలేని మనిషికి కోపం తొందరగా వస్తుంది. "నీకు బాపు ఫికర్ గాదురా, ఇంటి ఫికర్. మేం పోతె ఇల్లు ఎవని పాలయితదో అని నీ పరేషాన్" అన్నాను.

వాడు పరుపు చుట్టకు తాడు కడుతున్నాడు. ఆ ముడి పూర్తిగా వేసి, చెప్పులు తొడుక్కొని పోయాడు. పద్నాలుగు నెలలైంది, ఈ గడప తొక్కలేదు. ప్రతి ఆదివారం తండ్రికి వీడియో ఫోను చేస్తాడు. ఇద్దరూ చప్పుడు లేకుండా మాట్లాడుకుంటారు. నేను ఎదురుపడితే "మంచిగున్నవా అవ్వా" అంటాడు. "మంచిగున్న" అంటాను. అంతటితో సరి.

ఇల్లు ఇవ్వడం ఆ మాటకు పరిహారం కాదు. వాడు పెరిగింది ఆ ఇంట్లో, అందుకని ఇస్తున్నాను.

5. ఇది ముఖ్యమైన అంశం.

నేను పోయిన తర్వాత నా భర్తను తీసుకుపోవాలని పిల్లలిద్దరికీ ఉంటుంది. మంచి ఉద్దేశంతోనే అడుగుతారు. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, వెలుతురులో, పెదవులు కనపడేలా అడిగి, ఆయన సొంత జవాబు తెలుసుకోకుండా ఈ ఇంటి నుంచి ఆయన్ని కదిలించరాదు. వెనక నిలబడి అడిగి, జవాబు రాలేదు గనక ఒప్పుకున్నట్టే అని అనుకోరాదు. చెవిటివాళ్ల విషయంలో ఈ తప్పు చాలా మంది చేస్తారు. నేనూ చేశాను.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆయనకు బాగాలేదు. వినపడని మనిషి గట్టిగా మాట్లాడతాడు. భోజనాల గదిలో ఆయన గొంతుకు పక్క బల్ల వాళ్లు లేచి దూరం కూర్చున్నారు. కొంచెం మెల్లగా మాట్లాడమనండని మేనేజరు గారు నాతో చెప్పారు. నేను ఆయన మోచేయి నొక్కడం మొదలుపెట్టాను. గట్టిగా మాట్లాడినప్పుడల్లా నొక్కేదాన్ని. డిసెంబరు నాటికి ఆయన మాట్లాడటమే మానేశారు. అది నా పనే.

డిసెంబరు మూడో వారంలో ఒక పొద్దున, గేటు దగ్గరి పుస్తకంలో సంతకం పెట్టి బయటికి పోయి పన్నెండు దాటినా రాలేదు. నాకు ఒక్క చోటే తోచింది. సిరిసిల్ల బస్సెక్కి నేరుగా ఆయన పనిచేసిన కార్ఖానాకు పోయాను. పన్నెండు సాంచాలు నడుస్తున్నాయి. ఈ చివర ఆయన నూలు పెట్టె మీద కూర్చున్నారు; ఆ చివర మల్లేష్ అనే పాత తోటి పనివాడు నిలబడ్డాడు. అంత చప్పుడులో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఆయన నవ్వుతున్నారు. మూడు నెలల్లో నేను ఆ నవ్వు చూడలేదు.

బయటికి వచ్చాక నేను తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన ముందే అన్నారు: "ఈడ నేను చెవిటోన్ని గాదు."

తిరుగు బస్సులో ఆయన వైపు తిరిగి కూర్చొని, "నాకు గూడ నేర్పు" అన్నాను. నలభై అయిదేళ్లకు అడిగాను. ఆయన ఆశ్చర్యపోలేదు. కరీంనగర్ వచ్చేలోపు "ఆకలైతుందా", "చాయ్ తాగుతవా", "కోపమొచ్చిందా" నేర్పారు.

మేం భోజనాల గదిలో చప్పుడు లేకుండా మాట్లాడుకోవడం చూసి, ఆదిలాబాదు అడవుల్లో రేంజరుగా పనిచేసిన భూమన్న గారు మా బల్ల దగ్గరికి వచ్చారు. ఆయనకు చెవులు తగ్గుతున్నాయి, ఎవరికీ చెప్పలేదు. తర్వాత మెట్‌పల్లిలో ప్రధానోపాధ్యాయురాలిగా చేసిన ఐలవ్వ గారు వచ్చారు. ఆమెకు గొంతు ఆపరేషన్ అయి మాట పోయింది. చిన్న పలక మీద రాసి చూపేవారు. రాసేలోపు ఎదుటివాళ్లు వెళ్లిపోయేవారు. నా భర్త ఆమె పెదవులు చూసి, ఆమె అనేదంతా మొదటి రోజే మాకు పైకి చెప్పేశారు. ఆమె పలక పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడారు. ఆమెకు చెప్పుకోవాల్సినవి రెండేళ్లవి ఉన్నాయి.

ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి తొమ్మిది మంది కూర్చుంటారు. ఎవరి పెదవులు సరిగా కదలకపోయినా ఆయన ఒప్పుకోరు. "నోరు దెరువుండ్రి సార్, మీసాలు జర కత్తిరించుండ్రి" అని ఒక రిటైర్డ్ తహసీల్దారు గారిని అన్నారు. ఆయన కత్తిరించుకున్నారు. డెబ్బై మూడేళ్ల వయసులో నా భర్తను ఇక్కడ అందరూ మాస్టారు అంటారు. జీవితంలో ఆయన్ని ఎవరూ అలా పిలవలేదు. పిల్లలు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

6. నా కుటుంబ పింఛను చట్టప్రకారం ఆయనకే వస్తుంది. బ్యాంకులో ఉన్నది కూడా ఆయనకే, ఇక్కడ ఉండటానికి. నా బంగారు గొలుసు, మా నాన్న బైబిలు, ఉట్నూరులో నేను పురుడు పోసిన పిల్లల వివరాలు రాసుకున్న మూడు నోటుబుక్కులు మమతారాణికి. అందులో ఒక గోండు ఆడపిల్లకు వాళ్లు సిస్టర్ అనే పేరే పెట్టారు. ఇప్పుడు ఆమెకు ముప్పై దాటి ఉంటాయి. వీలైతే కనుక్కోవాలి. కనుక్కోకపోయినా నష్టం లేదు.

నా చేతి అద్దం ఐలవ్వ గారికి.

నా ఆడబిడ్డ బాలవ్వ గారికి నా రాగి చెంబు. పెళ్లయిన తర్వాత తొమ్మిదేళ్లు ఆమె మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. నన్ను "గా నర్సు" అనేది. పదో ఏట ఆమెకు పచ్చకామెర్లు వస్తే, ఉట్నూరు నుంచి సెలవు పెట్టి వచ్చి నెల రోజులు నేనే చూశాను. అప్పుడు ఈ చెంబుతోనే తాగింది. ఆ తర్వాత కూడా పేరు పెట్టి పిలవలేదు. చెంబు ఇవ్వడంలో ఎత్తిపొడుపు లేదు. కొంచెం ఉంది. కాని ఆ నెల రోజుల్లో ఆమె రోజూ నా చేయి పట్టుకొని నిద్రపోయింది, అది కూడా నాకు గుర్తుంది.

7. నన్ను చెన్నూరులో మా నాన్న పక్కన పూడ్చాలి. నా భర్త సంగతి ఆయన ఆచారం ప్రకారం సిరిసిల్లలో జరగాలి. అప్పుడు కూడా చెరో ఊరే. దాని గురించి మేం మాట్లాడుకున్నాం. "గప్పుడు ఎవలకు ఎదురు సూసేది లేదు గదా" అన్నారు. పాస్టరు గారు ప్రార్థన పొట్టిగా చేయాలి. చేస్తున్నంతసేపు ఎవరో ఒకరు నా భర్త ఎదురుగా నిలబడి, ఏమంటున్నారో పెదవులతో చెప్పాలి. ఏమీ తెలియకుండా ఆయన్ని అక్కడ నిలబెట్టరాదు.

8. పైన చెప్పనిది, చెప్పినా ఏ కారణం వల్లనైనా చెల్లనిది, అంతా నా భర్తకు చెందుతుంది. ఆయన తర్వాత ఆయన ఇష్టం.

సంతకానికి ముందు నా చేతిరాతతో చేర్చినది:

ఈ కాగితాలు ఎవరికీ చూపవద్దని మమతారాణికి చెప్పాను. ఆమె మొన్న ముసాయిదాను తన అన్నకు పంపింది. ప్రేమ్‌చంద్ దుకాణం మూసి ఈ ఉదయం పదింటికి వచ్చాడు.

నన్ను దాటి లోపలికి పోయాడు. తండ్రి ఎదురుగా, కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఇద్దరూ గొంతు లేకుండా మాట్లాడుకున్నారు. వాళ్లు వేగంగా మాట్లాడతారు, నాకు అన్నీ అందలేదు. అందినంత రాస్తున్నాను. "అవ్వ వడ్డదని నాకెందుకు చెప్పలే బాపూ?" అన్నాడు. "సిగ్గయింది బిడ్డా" అన్నారు. కొంత సేపటికి, "అవ్వకు ఏమన్న అయితే నాతోని వస్తవా, ఈడనే ఉంటవా?" అని అడిగాడు. "ఈడనే ఉంట. ఐలవ్వ ఏమంటుందో ఎవలు చెప్తరు? నువ్వే వస్తుండు" అన్నారు. వాడు తల ఊపాడు. అయిదో అంశంలో నేను కోరింది ఇదే. నేను బతికుండగానే, నా కళ్ల ముందే జరిగింది.

రెండో సాక్షిగా మేనేజరు గారు సిద్ధంగా ఉన్నారు. ప్రేమ్‌చంద్ ఆయన చేతిలోని పెన్ను అడిగాడు. వీలునామాకు సాక్షి సంతకం పెట్టినవారికి అదే వీలునామాలో ఇచ్చిన ఆస్తి చెల్లదని, మాకు వర్తించే చట్టం అదేనని వకీలు గారు చెప్పారు. అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పారు. "ఇల్లు పోతుంది" అన్నారు.

"ఎర్కనే సార్. జగిత్యాలల ఒక వకీలును అడిగే వచ్చిన" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "గా ఇల్లు బాపుకే ఉండనియ్యి అవ్వా. నన్ను సాక్షిగ ఉండనియ్యి" అన్నాడు.

నేను వద్దనలేదు. నాలుగో అంశం చెల్లదని తెలిసే సంతకం చేస్తున్నాను. ఇల్లు ఎనిమిదో అంశం ప్రకారం నా భర్తకు చెందుతుంది. సామాను కట్టిన రోజున నా కొడుకును నేనన్న మాట నిజం కాదు. అన్నప్పుడు కూడా నిజం కాదని నాకు తెలుసు. ఆ మాటను ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాను. మిగతా వాటిలో మార్పు లేదు.

కరీంనగర్, 2025 నవంబరు 19, బుధవారం, పగలు పదకొండున్నర గంటలు.

(సంతకం) దుర్గం రిబ్కమ్మ

రిబ్కమ్మ గారు మేమిద్దరం చూస్తుండగా సంతకం చేశారు. ఆమె చూస్తుండగా మేమూ చేశాం.

సాక్షులు:

1. గంధం భూమన్న, అటవీ రేంజరు (రిటైర్డ్), మానేరు విశ్రాంతి నిలయం, రెండో బ్లాకు, పదకొండో నంబరు.

2. కొక్కుల ప్రేమ్‌చంద్, తండ్రి వెంకటి, తల్లి రిబ్కమ్మ, జగిత్యాల.